గట్టి స్ప్రింగులు వేయిస్తే కారు తొందరగా ఆగుతుందా?

మియాపూర్_మహి | శనివారం, రాత్రి 9:10

అందరికీ నమస్తే. నాది 2019 స్విఫ్ట్, పెట్రోల్. రోజూ మియాపూర్ నుంచి నానక్‌రామ్‌గూడ ఆఫీసుకి, అప్పుడప్పుడు ఓఆర్ఆర్ (హైదరాబాద్ చుట్టూ ఉన్న ఔటర్ రింగ్ రోడ్డు) మీదుగా ఘట్‌కేసర్‌లో అత్తగారింటికి. బ్రేక్ గట్టిగా వేస్తే ముక్కు బాగా కిందికి దిగుతోంది. వెనక సీట్లో పిల్లలు ముందుకు తూలిపోతున్నారు.

యాక్సెసరీల షాపులో అడిగితే లోయరింగ్ స్ప్రింగులు వేయించమన్నారు. కారు 35 మి.మీ. కిందికి వస్తుందట, స్ప్రింగు 30 శాతం గట్టిగా ఉంటుందట. ముక్కు దిగదు కాబట్టి బరువు ముందుకు పోదు, నాలుగు టైర్లూ సమానంగా పట్టుకుంటాయి, తొందరగా ఆగుతుంది అన్నారు. వినడానికి సబబుగానే ఉంది. డబ్బు పెట్టే ముందు ఇక్కడ అడుగుదామనిపించింది.

టర్బో_తేజ | శనివారం, రాత్రి 9:22

కళ్లు మూసుకుని వేయించెయ్ బ్రో. నాది పోలో, వేయించాక కారే మారిపోయింది. బ్రేక్ కొడితే ముక్కు అసలు వంగదు, అక్కడికక్కడే ఆగుతుంది.

లెక్కల_మాస్టారు | శనివారం, రాత్రి 10:05

మహి గారూ, షాపువాళ్లు చెప్పిన మాటలో సగం నిజం. ముక్కు తక్కువ దిగుతుంది, అది నిజమే. ‘బరువు ముందుకు పోదు’ అన్నది మాత్రం నిజం కాదు.

బ్రేక్ వేసినప్పుడు ఎంత బరువు ముందు చక్రాల మీదికి మారుతుందో నిర్ణయించేవి నాలుగే: కారు బరువు, ఎంత గట్టిగా వేగం తగ్గుతోంది, గరిమనాభి (కారు బరువంతా కేంద్రీకరించినట్టుండే బిందువు) నేల నుంచి ఎంత ఎత్తున ఉంది, ముందు వెనక చక్రాల మధ్య దూరం. మొదటి మూడింటినీ గుణించి నాలుగోదానితో భాగించాలి. ఈ లెక్కలో స్ప్రింగు ఎక్కడా లేదు. సస్పెన్షనే లేని ఎడ్లబండికి బ్రేక్ వేసినా బరువు ముందుకు మారాల్సిందే.

మీ కారుకే వేసి చూద్దాం. నలుగురు కూర్చుంటే 1,150 కిలోలు అనుకోండి. చక్రాల మధ్య దూరం 2.45 మీటర్లు. గరిమనాభి ఎత్తు 0.55 మీటర్లు అనుకుందాం, ఇలాంటి కార్లకు దాదాపు అంతే ఉంటుంది. పొడి రోడ్డు మీద 0.8 జీతో (భూమ్యాకర్షణ త్వరణంలో 0.8 వంతుగా వేగం తగ్గేలా) బ్రేక్ వేస్తే సుమారు 206 కిలోలు వెనక నుంచి ముందుకు మారతాయి. నిలబడి ఉన్నప్పుడు ముందు 690, వెనక 460 ఉంటే, బ్రేక్‌లో ముందు 896, వెనక 254 అవుతాయి. స్ప్రింగు మెత్తగా ఉన్నా గట్టిగా ఉన్నా ఇంతే.

మారేది ముక్కు ఎంత దిగుతుందన్నదే. ఒక్కో ముందు చక్రం మీద 103 కిలోలు పెరిగాయి. ఒక మి.మీ. కుదించడానికి 2 కిలోల బరువు కావాల్సిన స్ప్రింగైతే ముక్కు సుమారు 52 మి.మీ. దిగుతుంది, 30 శాతం గట్టిదైతే 40. సస్పెన్షన్ కడ్డీల అమరిక వల్ల నిజంగా దిగేది ఇంకాస్త తక్కువే. మీ కంటికి కనిపించే తేడా ఆ 12 మి.మీ.

కారు కిందికి దిగడం వల్ల లాభం ఉంది కదా అంటారా? ఉంది. గరిమనాభి 35 మి.మీ. తగ్గితే ముందుకు మారే బరువు 206 నుంచి 193కి వస్తుంది. 13 కిలోలు! డిక్కీలో మర్చిపోయిన చిన్న బియ్యం బస్తా అంత, అంతే.

ఇంకోటి. పిల్లలు ముందుకు తూలేది ముక్కు దిగినందుకు కాదు, కారు వేగం తగ్గినందుకు. మీరు చెప్పినట్టు ఇంకా తొందరగా ఆగితే ఇంకా ఎక్కువ తూలుతారు. వెనక సీటు బెల్టులు పెట్టించండి.

టర్బో_తేజ | శనివారం, రాత్రి 10:18

మాస్టారూ, లెక్క బాగానే ఉంది కానీ అలాగైతే రేస్ కార్లన్నీ రాయిలా ఎందుకుంటాయి? వాళ్లకు తెలియదా బ్రేకింగ్ గురించి?

పిట్‌లేన్_ప్రసాద్ | శనివారం, రాత్రి 11:31

ఈ ప్రశ్న ప్రతి సంవత్సరం ఎవరో ఒకరు అడుగుతారు. రేస్ కార్లు గట్టిగా ఉండడానికి ముఖ్య కారణం బ్రేకింగ్ కాదు, గాలి. రెక్కలూ అడుగుభాగమూ కారును నేలకు నొక్కుతాయి. ఆ నొక్కుడు సక్రమంగా పనిచేయాలంటే అడుగుకీ రోడ్డుకీ మధ్య ఎడం మి.మీ.లలో అదుపులో ఉండాలి. మెత్తటి స్ప్రింగులైతే వేగం పెరిగేకొద్దీ కారు కుంగిపోతుంది, బ్రేక్ వేస్తే ముక్కు నేలను గీస్తుంది. అందుకోసం టైరు పట్టులో కొంత పోయినా సరేనని గట్టి చేస్తారు. 1980ల మొదట్లో ఫార్ములా వన్ గ్రౌండ్ ఎఫెక్ట్ కార్లలో (అడుగున పోయే గాలితో నేలకు అతుక్కునేవి) దాదాపు సస్పెన్షనే లేనంత గట్టి పెట్టి డ్రైవర్ల నడుములు విరగ్గొట్టారు. కంప్యూటర్‌తో నడిచే యాక్టివ్ సస్పెన్షన్‌తో విలియమ్స్ 1992లో ఛాంపియన్‌షిప్ కొట్టింది. అందులో కూడా అసలు లక్ష్యం ఆ ఎడాన్ని నిలపడమే. 1994 నుంచి దాన్ని నిషేధించారు.

మన పోలోకి, స్విఫ్ట్‌కి అలాంటి నొక్కుడు లేదు. పైగా రేస్ ట్రాక్ నున్నగా ఉంటుంది. కంకర, మట్టి మీద పోయే ర్యాలీ కారు చూడండి: పొడుగాటి ప్రయాణం ఉన్న మెత్తటి స్ప్రింగులు, మంచి డ్యాంపర్లు (షాకబ్జర్లు). వాన పడితే సర్క్యూట్ రేసుల్లో కూడా సెటప్‌ను మెత్తబరుస్తారు.

2023 ఫిబ్రవరిలో హుస్సేన్ సాగర్ పక్కన ఫార్ములా ఈ జరిగింది గుర్తుందా? 2.83 కిలోమీటర్ల వీధి సర్క్యూట్, 18 మలుపులు. దానికోసం ఎన్టీఆర్ మార్గ్ వైపు రోడ్డంతా మళ్లీ వేశారు. గట్టి కార్లకు నున్నటి రోడ్డు కావాలి. మనకెవరూ ఆఫీసు దారి మళ్లీ వేసి ఇవ్వరు కదా.

రాణిగంజ్_రెంచి | ఆదివారం, ఉదయం 7:45

మహి భయ్యా, ముందు ఒక మాట చెప్పు. కారు ఎన్ని కిలోమీటర్లు తిరిగింది? షాకబ్జర్లు ఎప్పుడైనా మార్చావా?

2019 బండి, సిటీలో తిరిగింది అంటే నా అనుమానం స్ప్రింగుల మీద కాదు. స్ప్రింగు అంత తొందరగా మెత్తబడదు. షాకబ్జర్ పోతే ముక్కు ఒక్కసారిగా కిందికి పోతుంది, మళ్లీ పైకి లేస్తుంది, ఊగుతుంది. జనం దాన్నే ‘స్ప్రింగు వీక్ అయింది’ అనుకుంటారు. ఒకసారి చక్రం వెనకాల చెయ్యి పెట్టి చూడు, స్ట్రట్ (స్ప్రింగు, షాకబ్జరు కలిసి ఉండే భాగం) మీద నూనె తడి ఉందా అని. టైరు మీద చెయ్యి నిమిరి చూడు, ఎత్తుపల్లాలుగా అరిగితే చక్రం రోడ్డు మీద ఎగురుతోందన్నట్టే.

ఇంకో ముచ్చట. కొందరు డబ్బు మిగులుతుందని ఉన్న స్ప్రింగునే కట్ చేయిస్తారు. నా దగ్గరకొస్తే తిప్పి పంపిస్తా. ఆరు చుట్లు పనిచేసే స్ప్రింగులో ఒక చుట్టు కోస్తే మిగిలింది 20 శాతం గట్టిపడుతుంది. ఎత్తు తగ్గినందుకు లోపల ప్రయాణమూ తగ్గుతుంది. పాత షాకబ్జర్‌కి ఆ గట్టిదనాన్ని ఆపే శక్తి ఉండదు. మనుషులు ఎక్కి బ్రేక్ వేస్తే సీదా రబ్బరు బంప్ స్టాప్‌కి తగులుతుంది. అప్పుడిక స్ప్రింగే లేనట్టు. గ్యాస్ మీద కాల్చి దించేవాళ్లూ ఉన్నారు, వాళ్లకో దండం.

కమాన్_కట్ట | ఆదివారం, ఉదయం 8:30

లారీ వాళ్లకు ఈ చర్చ అనవసరం, ఖాళీ బండి నడిపితే జవాబు తెలిసిపోతుంది. కమాన్ పట్టీలు (లారీ కింద స్ప్రింగులుగా ఉండే ఉక్కు పట్టీలు) లోడు కోసం చేసినవి. లోడు దించేసి ఖాళీగా వస్తుంటే అవే పట్టీలు ఇనుపకడ్డీల్లా ఉంటాయి. పటాన్‌చెరు దగ్గర రోడ్డు పాడైన చోట బ్రేక్ తొక్కితే వెనక చక్రాలు టకటకా ఎగురుతాయి, ఏబీఎస్ (బ్రేక్‌లో చక్రం బిగుసుకుపోకుండా చూసే వ్యవస్థ) లేని పాత బండైతే జారి పక్కకు తిరుగుతుంది. తేలికగా ఉన్న బండే తొందరగా ఆగాలి కదా అని కొత్త క్లీనర్లు అడుగుతారు. ఇదీ సంగతి.

లెక్కల_మాస్టారు | ఆదివారం, ఉదయం 10:12

కమాన్ కట్ట గారు చెప్పినదే అసలు విషయం. నేను నిన్న నున్నటి రోడ్డు లెక్క మాత్రమే చెప్పాను. రోడ్డు నున్నగా లేనప్పుడు గట్టి స్ప్రింగు నష్టం చేస్తుంది.

రెండు సంగతులు కలిపి చూడాలి. ఒకటి టైరు స్వభావం. టైరు మీద బరువు రెట్టింపైతే పట్టు రెట్టింపు కాదు, కాస్త తక్కువే పెరుగుతుంది. అంటే బరువు ఒకసారి 300, ఒకసారి 500 అని ఊగుతూ ఉంటే, సగటున 400 ఉన్నా, నిలకడగా 400 ఉన్నప్పటికంటే పట్టు తక్కువ. రెండోది, రోడ్డు మీద పల్లం వచ్చినప్పుడు చక్రాన్ని కిందికి నెట్టేది స్ప్రింగే. గట్టి స్ప్రింగు అదే బరువును తక్కువ కుదింపుతో మోస్తుంది కాబట్టి, చక్రం కాస్త దిగగానే దాని నెట్టుడు అయిపోతుంది.

అంకెల్లో చూడండి. బ్రేక్‌లో వెనక చక్రాల మీద మొత్తం 254 కిలోలే మిగిలాయన్నాం, ఒక్కో చక్రానికి 127. అందులో చక్రం, డ్రమ్ము లాంటివి 30 కిలోలు తీసేస్తే స్ప్రింగు మీద 97. మి.మీ.కు 2 కిలోల స్ప్రింగైతే 48 మి.మీ. వరకు చక్రాన్ని నెట్టగలదు. 30 శాతం గట్టిది, అంటే 2.6 కిలోలదైతే 37 మి.మీ.కే ఖాళీ. ఆ తర్వాత టైరు మీద ఉండేది చక్రం సొంత బరువే. చిన్న గుంతైతే చక్రం కిందికి దిగేలోపే దాటిపోతుంది, పెద్ద తేడా తెలియదు. ఫ్లైఓవర్ చివర రోడ్డు కుంగిన చోట, పైపులైను తవ్వి పూడ్చిన చోట, అలాంటి పొడుగు పల్లాల్లో తేడా తెలుస్తుంది.

ఇప్పుడు ఏబీఎస్‌ను కలపండి. 2019 ఏప్రిల్ నుంచి మన దేశంలో అమ్మే కార్లన్నిటికీ అది తప్పనిసరి. చక్రం గాల్లోకి లేచిన క్షణంలో బ్రేక్ దాన్ని ఆపేస్తుంది. ఏబీఎస్‌కి రోడ్డు కనపడదు, చక్రం వేగం ఒక్కటే తెలుసు. జారుతోందనుకుని ప్రెషర్ వదిలేస్తుంది. చక్రం మళ్లీ నేలను తాకాక ప్రెషర్ ఎక్కించడానికి కొంత సమయం కావాలి. గంటకు 80లో సెకనులో పదో వంతు అంటే 2.2 మీటర్లు. స్పీడ్ బ్రేకర్ ముందు అతుకుల రోడ్డు మీద బ్రేక్ వేస్తే పెడల్ గరగరమని కారు ముందుకే పోతున్నట్టు అనిపించేది దీనివల్లే.

బుల్లెట్_బాలు | ఆదివారం, ఉదయం 10:40

బైకు సంగతేంటి మాస్టారూ? ఫోర్కులో చిక్కటి ఆయిల్ పోయిస్తే బ్రేక్ బాగుంటుందా?

పిట్‌లేన్_ప్రసాద్ | ఆదివారం, ఉదయం 11:02

బైకుకి ఇంకో చర్చ మొదలుపెట్టండి బాలూ. చక్రాల మధ్య దూరం తక్కువ, బరువు ఎత్తున, వెనక చక్రం పూర్తిగా లేచిపోయేంత బరువు ముందుకు పోతుంది. ఇక్కడ కలిపితే లొల్లి అవుతుంది.

టర్బో_తేజ | ఆదివారం, మధ్యాహ్నం 12:15

సరే, గుంతల్లో నష్టం ఉంది, ఒప్పుకుంటా. కానీ నేను ఎక్కువ తిరిగేది ఓఆర్ఆర్. 158 కిలోమీటర్ల నున్నటి రోడ్డు, లోపలి లేన్లలో 120 వరకు పోవచ్చు. అక్కడ నా కారు స్టాక్ (కంపెనీ ఇచ్చిన సస్పెన్షన్) కంటే బాగా ఆగుతుందనే నా అనుభవం. ముక్కు ఊగదు, స్టీరింగ్ తిన్నగా ఉంటుంది. ఇది భ్రమ అంటారా?

పిట్‌లేన్_ప్రసాద్ | ఆదివారం, మధ్యాహ్నం 12:50

భ్రమ అనను. గట్టి సెటప్‌కి నిజమైన లాభాలున్నాయి. పెడల్ తొక్కిన వెంటనే బరువు ముందు టైర్ల మీదికి చేరి కుదురుకుంటుంది, మెత్తటి కారు కాస్త ఆలస్యంగా, ఊగి ఊగి చేరుతుంది. ముక్కు తక్కువ దిగితే ముందు చక్రాల వాలు, టో (చక్రాలు లోపలికో బయటికో తిరిగి ఉండే కోణం) తక్కువ మారతాయి, అందుకే స్టీరింగ్ తిన్నగా అనిపిస్తుంది. బ్రేక్ వేస్తూ లేన్ మారాల్సి వస్తే ఇది పనికొస్తుంది.

కానీ ఇవి అదుపుకి సంబంధించిన లాభాలు. ఆగే దూరంలో వచ్చేది చాలా కొంచెం. 100 వేగం నుంచి 0.8 జీతో 49 మీటర్లు, 120 నుంచి 71 మీటర్లు. మంచి టైరు వేసి 0.9 జీ సాధిస్తే 100 నుంచి ఆగడానికి 44 మీటర్లు చాలు. ఆ అయిదు మీటర్లు స్ప్రింగు ఇవ్వదు, రబ్బరు ఇస్తుంది.

ఒక ప్రశ్న: స్ప్రింగులు వేయించినప్పుడే టైర్లు కూడా మార్చావా?

టర్బో_తేజ | ఆదివారం, మధ్యాహ్నం 1:04

మార్చా. డ్యాంపర్లు కూడా. అయినా స్ప్రింగుల వాటా ఉందనే నా నమ్మకం.

ఉప్పల్_సుజాత | ఆదివారం, మధ్యాహ్నం 2:20

వాన గురించి ఎవరూ మాట్లాడట్లేదేంటి? మన దగ్గర నాలుగు నెలలు సమస్య అదే. తడి రోడ్డు మీద 0.5 జీ దొరికితే గొప్ప. మాస్టారి లెక్క ప్రకారం అప్పుడు ముందుకు మారే బరువు 130 కిలోల దగ్గర ఆగిపోతుంది, ముక్కు ఎలాగూ పెద్దగా దిగదు. అంటే గట్టి స్ప్రింగు ఆపడానికి అక్కడ పనే లేదు, చక్రాన్ని ఎగరేసే నష్టం మాత్రం మిగులుతుంది.

చట్టం టైరు గాడి 1.6 మి.మీ. ఉంటే చాలంటుంది. ఆ గాడితో జూలైలో హబ్సిగూడ నీళ్లలో బ్రేక్ వేసి చూడండి. మూడు మి.మీ.కి వచ్చేసరికే నేను మార్చేస్తా, మా వారు దుబారా అంటారు. అనుకోనీ.

గాలి కూడా చూసుకోండి. టైరు కూడా ఒక స్ప్రింగే. పంక్చర్ షాపులో ‘మైలేజీ వస్తుంది మేడం’ అని 40 దాకా కొట్టేస్తారు. నేలను తాకే ముక్క చిన్నదవుతుంది, చిన్న గులకరాయికే ఎగురుతుంది. డోర్ దగ్గర స్టిక్కర్ మీద రాసింది కొట్టించండి.

రాణిగంజ్_రెంచి | ఆదివారం, మధ్యాహ్నం 3:05

సుజాతక్క మాట నూటికి నూరు. అల్లాయ్‌ల సంగతి కూడా కలుపుతా. కొందరు స్ప్రింగులతో పాటు 17 అంగుళాల బరువైన అల్లాయ్‌లు, సన్నటి టైర్లు వేయిస్తారు. చక్రం బరువు పెరిగితే గుంత తర్వాత దాన్ని కిందికి తేవడం షాకబ్జర్‌కి కష్టం. ఇటు స్ప్రింగు గట్టి, అటు చక్రం బరువు, మధ్యలో గాలి మెత్తదనం కూడా లేదు. ఫొటోకి బాగుంటుంది.

న్యాయమూ_న్యూట్రలూ | ఆదివారం, సాయంత్రం 5:40

చిన్న మాట. మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ప్రకారం కంపెనీ నిర్దేశాలకు భిన్నంగా బండిని మార్చకూడదు. 2019 జనవరిలో సుప్రీంకోర్టు కూడా ఇదే గట్టిగా చెప్పింది. స్ప్రింగు మార్చినందుకు రోడ్డు మీద ఎవరూ ఆపకపోవచ్చు, ప్రమాదం జరిగి ఇన్సూరెన్స్ సర్వేయర్ కారు కింద టార్చి వేసి చూసినప్పుడు చర్చ మొదలవుతుంది.

మియాపూర్_మహి | ఆదివారం, రాత్రి 8:15

అందరికీ థాంక్స్. రెంచి అన్నా, కింద చూశాను. ముందు ఎడమ స్ట్రట్ మీద నూనె, దుమ్ము పేరుకుని ఉంది. ముందు టైర్లు లోపలి అంచున ఎత్తుపల్లాలుగా అరిగాయి. 72 వేల కిలోమీటర్లు తిరిగింది, షాకబ్జర్లు ఒక్కసారీ మార్చలేదు. స్ప్రింగుల సంగతి పక్కన పెట్టాను. ఇప్పుడు ముందువి రెండే మార్చాలా, నాలుగూనా?

రాణిగంజ్_రెంచి | ఆదివారం, రాత్రి 8:50

ఒక్కటి మాత్రం ఎప్పుడూ మార్చకు, జతగా మార్చాలి. ఎడమది కొత్తది, కుడిది పాతది అయితే బ్రేక్‌లో కారు ఒక పక్కకు లాగుతుంది. 72 వేలంటే నాలుగూ మార్చుకోవడమే మంచిది. కంపెనీ గట్టిదనమున్నవే తీసుకో, డబ్బాలో వచ్చే నకిలీలు మా రాణిగంజ్‌లోనే దొరుకుతాయి, బిల్లు లేకుండా కొనకు. పైన మౌంట్ రబ్బరు, బేరింగు, బంప్ స్టాప్, దుమ్ము తొడుగు అదే రోజు వేయించు, మళ్లీ విప్పితే కూలి దండగ. కింది ఆర్మ్ బుష్‌లు (కడ్డీ చివర ఉండే రబ్బరు తొడుగులు) కూడా చూపించు. అవి పోతే బ్రేక్ వేసినప్పుడు చక్రమే వెనక్కి జరుగుతుంది, దాన్ని కూడా జనం సస్పెన్షన్ మెత్తదనం అనుకుంటారు. అయ్యాక అలైన్‌మెంట్ తప్పనిసరి.

క్యాబ్_కిషన్ | ఆదివారం, రాత్రి 9:35

రెంచి అన్నా, నాదో డౌట్. నా డిజైర్‌కి బయట సీఎన్‌జీ కిట్ పెట్టించా. సిలిండర్ ఎప్పుడూ డిక్కీలోనే. బండి వెనక కుంగిపోయింది, పాసింజర్లు ఎక్కితే వెనక భాగం నేలకు తగులుతుందా అన్నట్టుంది. దీనికైనా గట్టి స్ప్రింగులు వేయించొచ్చా, లేక ఇదీ తప్పేనా?

లెక్కల_మాస్టారు | ఆదివారం, రాత్రి 10:02

ఇది వేరే సంగతి కిషన్ గారూ. శాశ్వతంగా బరువు పెరిగినప్పుడు దానికి తగ్గట్టు స్ప్రింగు పెంచడం సబబే. కంపెనీ నుంచే సీఎన్‌జీతో వచ్చే కార్లకు వెనక సస్పెన్షన్ ఆ బరువుకి తగ్గట్టు ఇస్తారు. బరువు పెరిగినంతే గట్టిదనం పెరిగితే కారు ఊగే తీరు మునుపటిలాగే ఉంటుంది. అంతకు మించి పెంచితేనే కమాన్ కట్ట గారి ఖాళీ లారీ అవుతుంది.

రాణిగంజ్_రెంచి | ఆదివారం, రాత్రి 10:20

అదే మోడల్ కంపెనీ సీఎన్‌జీ బండి వెనక స్ప్రింగు పార్ట్ నంబర్ అడిగి తీసుకో, బయటి ‘హెవీ డ్యూటీ’ వద్దు. స్ప్రింగు మధ్యలో ఇరికించే రబ్బరు ముక్కలు అసలే వద్దు, ఆ చుట్టు పనిచేయకుండా పోతుంది.

పాత వ్యాన్లు, పికప్‌లు నడిపేవాళ్లకు కూడా ఇక్కడే చెప్తా. వాటిలో చాలావాటికి వెనక ఇరుసు నుంచి ఒక కడ్డీతో బ్రేక్ వాల్వ్ కలిపి ఉంటుంది. బండి ఎంత కుంగిందో చూసి వెనక బ్రేక్‌కి ఎంత ప్రెషర్ ఇవ్వాలో ఆ వాల్వే నిర్ణయిస్తుంది. పట్టీలు పెంచి బండి పైకి లేపితే, లోడున్నా ఖాళీగా ఉందనుకుని వెనక బ్రేక్ తగ్గించేస్తుంది. కిందికి దించితే ఖాళీ బండిలో కూడా లోడుందనుకుని వెనక చక్రాలు లాక్ చేస్తుంది. స్ప్రింగు మార్చిన రోజే ఆ కడ్డీ సెట్ చేయించాలి. చాలామంది మెకానిక్‌లు దాన్ని తీగతో కట్టేస్తారు, కట్టనివ్వకండి. కిషన్ భాయ్, నీ బండికి అది ఉందో లేదో రేపు పొద్దున తెస్తే లిఫ్ట్ మీద ఎక్కించి చూద్దాం, పదకొండు దాటితే రష్ ఉంటుంది.